ధర తెలియకముందు

సంచి అడుగున పుస్తకం పెట్టాను, రెండు అట్టముక్కల మధ్య, పాత దుప్పటి గుడ్డలో చుట్టి. దాని మీద రెండు చొక్కాలు, తువ్వాలు, మందుల డబ్బా. మళ్లీ అన్నీ తీసి, పుస్తకానికి మైనపు గుడ్డ కూడా చుట్టి మొదటి నుంచి సర్దాను.

"నువ్వు కట్టిన మూట విప్పడానికి నాతో ఇంకో మనిషి రావాలి," అన్నారు మా ఆయన.

"గొడుగు పెట్టనా?"

"పెట్టు. ఇల్లు కూడా పెట్టు."

నాకు నవ్వు రాలేదు. అమ్మ ఆసుపత్రికని, అన్నయ్య ఓడలో పనికని ఇలాగే గుమ్మం దాటి మళ్లీ రాలేదు. ఇద్దరి సంచులూ నేనే సర్దాను.

మాది పాత పుస్తకాలు కొని, బాగుచేసి అమ్మే కొట్టు. వీధిలో అలాంటివి పదకొండు. అమ్మేవాళ్లు పై ఊళ్ల నుంచి బస్సులో వస్తారు. వీధిలోకి వస్తే నాలుగు కొట్లు తిరిగి ధర తెలుసుకుంటారు కదా, అందుకని మావాళ్లు ముందే బస్టాండుకు వెళ్లి, టీ ఇప్పించి, అక్కడే బేరం తెంచేసేవాళ్లు. దాన్ని ఎదురెళ్లడం అనేవాళ్లం. అందులో తప్పుందని ఎవరికీ తోచలేదు. మా మరిదిది ఆ పనిలో అందెవేసిన చెయ్యి.

ఆ సంచి సర్దడానికి నెల ముందు ఒక పంతులమ్మ, తండ్రి పోయాక ఆయన పుస్తకాల పెట్టె తెచ్చింది. మా ఆయనా, మరిదీ బస్సు మెట్ల దగ్గరే ఆమెను కలిశారు. మా వీధి మొహం చూడకుండానే ఆమె డబ్బు తీసుకుని తిరుగు బస్సెక్కింది.

ఈ పుస్తకం ఆ పెట్టెలోది. అట్ట ఊడిపోయిన చేతిరాత ప్రతి. కొనడం, అమ్మడం ఎలా ఉండాలని ఇస్లాం తొలి శతాబ్దాల పండితులు ఆలోచించారో, ఆ తర్వాత ఎవరో కూర్చి రాసుకున్నది. నేను బడికి వెళ్లలేదు. చిరిగిన పేజీలకు జిగురు రాస్తూ రాస్తూ, మా ఆయనను అడుగుతూ, అరబ్బీ లిపి పట్టుబడింది, మాటలు మెల్లగా వచ్చాయి. పురుగు తిన్నచోట సన్న కాగితం అతికిస్తూ, వేలు పెట్టి చదువుతూ, ఒక వరుస దగ్గర ఆగిపోయాను.

సరుకుతో వచ్చే వర్తకుల బిడారుకు ఊరి బయట ఎదురెళ్లి కొనకూడదు. కొంటే, సరుకుగల మనిషి బజారుకు వచ్చి ధర తెలుసుకున్నాక, ఆ బేరం ఉంచడమూ తీసేయడమూ అతని ఇష్టం.

కుంచె చేతిలోనే ఎండిపోయింది. ఆ వరుస చుట్టూ అంచుల్లో మూడు రంగుల సిరాలు, మూడు చేతిరాతలు. ఈ నియమం వచ్చే మనిషి మోసపోకుండా ఉండడానికని నల్ల సిరా ఆయన రాశాడు. కాదు, ఊళ్లోవాళ్లందరికీ సరుకు అందడానికని గోధుమరంగు సిరా ఆయన. మరి ఊరి బయట అంటే ఎంత దూరం, ఒక మైలా, ఒక రోజు నడకా అని ఎర్ర సిరా ఆయన అడిగాడు, వందేళ్ల తర్వాత కాబోలు. ఒకరి మొహం ఒకరు చూసి ఉండరు. ఎక్కడి నుంచో దుమ్ము కొట్టుకుని వస్తున్న మనిషికి ధర తెలియదే అని ఇంతమంది, ఇన్ని వందల ఏళ్లు బెంగపడ్డారు. నా బెంగ ఎప్పుడూ నా గుమ్మం దాటి వెళ్లింది లేదు. లేచి చేతులు కడుక్కుని వచ్చి, ఆ వరుస మళ్లీ చదివాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర చదివి వినిపించాను.

"వదినా, అది ఒంటెల కాలం," అన్నాడు మరిది. "ఆవిడ దిగింది బస్సు."

"బస్సు దిగితే ధర తెలిసిపోతుందా?" అన్నారు మా ఆయన.

"ఆవిడ అడగలేదుగా."

"అడగనిచ్చావా? టీ మీద టీ పోయించావు."

"దీనికి ఇరవై రెట్లు ఇచ్చేవాడున్నాడు అన్నయ్యా. కొట్టు కప్పు కారుతోంది."

"తెలుసు. నా నెత్తి మీదే కారుతోంది."

కంచం ముందు నుంచి లేచి, పెట్టె మీది చీటీలో ఆమె ఊరు చూసుకున్నారు. రెండు రోజుల ప్రయాణం. మధ్యలో నది.

"ఉత్తరం రాస్తే సరిపోదా?" అన్నాను.

"ఆమెను మనం బజారుకు రానివ్వలేదు. ఇక బజారే ఆమె దగ్గరికి వెళ్లాలి. చదివిందీ నువ్వే, అడ్డుపడేదీ నువ్వేనా?"

ఆ ఒక్క వరుస చదవకుండా మింగేసి ఉంటే ఆయన ఇంట్లోనే ఉండేవారు. ఈ మాట నేను ఇప్పటికీ రోజూ అనుకుంటాను.

ఆయన రాలేదు గాని, బయల్దేరిన మూడు వారాలకు పంతులమ్మ ఉత్తరం వచ్చింది. మా ఆయన ఆమె వరండాలో కూర్చుని, పుస్తకం ముందు పెట్టి, మా వీధిలో అది ఎంత పలుకుతుందో దాచకుండా చెప్పి, "ఇప్పుడు చెప్పండమ్మా, బేరం ఉంచుతారా, తీసేస్తారా?" అన్నారట. తన జన్మలో ఎవరూ తనను అలా అడగలేదని రాసింది. ఒక పూటంతా ఆలోచించి, తండ్రి పుస్తకం తనే ఉంచుకుని, దానికి తీసుకున్న డబ్బు తిరిగి ఇచ్చేసింది. ఆయన తేలికైన సంచి భుజాన వేసుకుని, గొడుగు మరిచిపోయి, రేవు వైపు వెళ్లారట. గొడుగు పంపమంటారా అని అడిగింది.

మరిది ఆ ఉత్తరం రెండుసార్లు చదివించుకుని రేవుకు వెళ్లాడు. పదిరోజులు వెతికి, గొడుగుతో వచ్చాడు.

మా ఆయన వానలు మొదలైన తొమ్మిదో రోజు, మంగళవారం పొద్దున బయల్దేరారు. శుక్రవారం మధ్యాహ్నం పంతులమ్మ వాకిలి దాటి తిరుగుదారి పట్టారు. అది జరిగి ముప్పై ఎనిమిదేళ్లు. తిరిగి రాలేదు.