ఇంటి వయసూ బడి వయసూ

టాటానగర్ దగ్గరి పర్సుడీహ్ మైదానంలో రెండువందల మీటర్ల పరుగు ముగిసేసరికి పీటీ టీచరు పద్మకుమారి చేతిలోని స్టాప్‌వాచీ ఇరవై ఏడు సెకన్లు దాటింది. ముందు వచ్చింది ఉజ్వల. ఆ వెనక, చూసేవాళ్ళకు సందేహం మిగలనంత దూరంలో ప్రియ వచ్చింది. ఉజ్వల నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. ప్రియ గడ్డిలో కూలబడి బూటు విప్పి లోపలి కంకర దులుపుకుంది. ఇద్దరూ పరుగెత్తింది పద్నాలుగేళ్ళ లోపు బాలికల విభాగంలోనే. ఇద్దరినీ పక్కపక్కన నిలబెడితే ప్రియ తల ఉజ్వల భుజం దగ్గరికి వస్తుంది. ఆ తేడాను మైదానం చుట్టూ నిలబడ్డ అరవైమందీ చూశారు. ఎవరికీ ఏమీ అనిపించలేదు. పాఠకులు ఆలోచించవలసింది ఆ అనిపించకపోవడం గురించే.

ఈ పిల్లలు చదివే సర్కారు ఉన్నత పాఠశాలకు రెండు ప్రాంగణాలు. ప్రాంగణాలంటే ఏదో ఊహించుకోవద్దు. బాగ్‌బేరాలో రైల్వే యార్డు పక్కన ఉన్నది పాతది, ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు. గూడ్సుబండి కదిలితే టీచర్లు పాఠం ఆపి, అది వెళ్ళాక మొదలుపెడతారు. పిల్లలు ఎక్కువై గదులు చాలకపోతే, ప్రభుత్వానికి ఖాళీ జాగా దొరికిన చోట, అంటే పర్సుడీహ్‌లో, రెండోది కట్టారు. తొమ్మిది, పది తరగతులతో పాటు కుట్టుపనికి ఒక గది, వైరింగు నేర్పడానికి ఒక గది, పన్నెండు కంప్యూటర్లున్న గది ఒకటి అక్కడే. వాటిలో ఏడు పనిచేస్తాయి. మైదానం కూడా అక్కడే కాబట్టి పాత బడి పిల్లలు పరుగెత్తాలంటే షేర్ ఆటో ఎక్కి రావాలి. అయినా ఆటల్లో ఆ బడికి పెద్ద పేరే ఉండేది. ఒకప్పుడు ఆడపిల్లల రిలే జట్టు వరుసగా ఐదేళ్ళు జిల్లాలో గెలిచింది. ఇప్పుడు తొమ్మిదేళ్ళుగా రాష్ట్రస్థాయి పతకం ఒక్కటీ లేదు.

అందుకే ఉజ్వల మీద అందరికీ ఆశ. ఒక్కో పోటీకి బడి తరఫున ఒక్కరినే పంపాలి. రాంచీలో జరిగే రాష్ట్ర పోటీల్లో మొదటి మూడు స్థానాల్లోకి వచ్చిన పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకు స్పోర్ట్స్ హాస్టల్లో సీటు దొరుకుతుంది. అక్కడ చదువూ తిండీ శిక్షణా అన్నీ వాళ్ళే చూసుకుంటారు. పదిహేడేళ్ళ లోపు విభాగానికి ఆ సౌకర్యం లేదు.

ఉజ్వల తండ్రి సూర్యం ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, కింద ఒక రోలింగు మిల్లులో పనిచేస్తాడు. అతని షిఫ్టు వేళలకూ బడి వేళలకూ పొత్తు కుదరదు. అందుకని పద్మకుమారే తండ్రి సంతకం కోసం ఫారం పట్టుకుని బాగ్‌బేరాలో వాళ్ళ ఇంటికి వెళ్ళింది.

గుమ్మంలోనే సూర్యం తండ్రి బంగారురాజు ఎదురొచ్చాడు. రైల్వే లోకోషెడ్డులో కూలిపని చేసే ఖలాసీగా చేరి ఫిట్టరుగా రిటైరైనవాడు. ఇంటికి ఎవరొచ్చినా గోడ మీది ఫోటో చూపించకుండా వదలడు.

“ఇదుగో మేడమ్, నా రిటైర్మెంటు పోటో. ఈయన మా పోర్‌మేన్ సాబు. ఈ దండలన్నీ నాకే ఏసినారు. ఒళ్ళో ఉన్నది ఎవులనుకున్నారు? మా ఉజ్జే! అప్పటికి అయిదు నెల్ల పిల్ల. ఒకటే ఏడుపు.”

పద్మకుమారి నవ్వుతూ చూసింది. ఫోటో కింద తెల్లటి అక్షరాలతో తారీఖు ఉంది: 2010 జూలై 31. ఆమె చేతిలోని ఫారంలో ఉజ్వల పుట్టిన తేదీ 2012 జనవరి 1. పుట్టడానికి ఏడాదిన్నర ముందే ఆ పిల్ల తాత ఒళ్ళో కూర్చుని ఏడ్చిందన్నమాట.

“ఈ తేదీ ఏమిటండీ?” అంది ఆమె ఫారం చూపిస్తూ.

సూర్యం ఏమాత్రం తడబడలేదు. “అది బడి వయసు మేడమ్. ఇంటి వయసు పదిహేను, బడి వయసు పదమూడు. మా నాన్నకీ అలగే రాయించీసినారు, నాకూ అలగే రాయించీసినారు. మా నాన్నకి రెండేళ్ళు సర్వీసు కలిసొచ్చింది కదేటి!”

“నిజానికి నాను అరవై రెండేళ్ళకి దిగినాను మేడమ్,” అన్నాడు బంగారురాజు సగర్వంగా.

ఈ రివాజు ఆ ఇంటిది మాత్రమే కాదు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడి షెడ్లలోనూ మిల్లుల్లోనూ కుదురుకున్న కుటుంబాలు పిల్లల్ని బడిలో వేసేటప్పుడు రెండేళ్ళు తగ్గించి చెప్పడం ఒక ముందుచూపు అనుకున్నాయి. పిల్లాడు పెద్దయి పర్మినెంటు ఉద్యోగంలో చేరితే రెండేళ్ళు ఆలస్యంగా దిగుతాడు. గుమాస్తాలు కూడా జనవరి ఒకటి అని రాసి చేతులు దులుపుకునేవారు. ఆ పర్మినెంటు ఉద్యోగాలు తగ్గిపోయి చాలాకాలమైంది. సూర్యానికి రిటైర్మెంటనేదే లేదు. ఠేకేదారు రేపటి నుంచి రావద్దన్న రోజే అతని రిటైర్మెంటు. అయినా కూతురికి రెండేళ్ళు తగ్గించాడు. ఎందుకని అడిగితే చెప్పలేడు. తమ ఇళ్ళల్లో అలాగే చేస్తారు, అంతే.

పద్మకుమారి సంతకం తీసుకోకుండానే లేచింది. ఆటోలో వస్తూ ఫారం మళ్ళీ తెరిచి ఆ తేదీ చూసింది. సూర్యం మాట ఆమెకు కొత్తది కాదు. ఆమె తండ్రి ఫౌండ్రీలో పనిచేసేవాడు. ఆయనా అదే మాట అనేవాడు. ముప్పై ఏళ్ళ కిందట ఆమె ఇదే బడి తరఫున, ఇదే విభాగంలో బంగారు పతకం తెచ్చింది. అప్పుడు ఆమెకు ఇంటి వయసు పదిహేను నిండింది. ఆ సంగతి తెలిసినా, అది అబద్ధమని ఈ ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆమెకు తోచలేదు. ఇప్పుడు తోచినందుకు సిగ్గుపడింది.

మర్నాడు హెడ్మాస్టరు భీమశంకర్‌కు విషయం చెప్పింది. ఆయన చెడ్డవాడు కాడు. బడి పేరు నిలబెట్టాలని తాపత్రయపడే మనిషి.

“కాగితం ఏం చెబుతోందమ్మా? పదమూడు. మనం కాగితాన్ని నమ్మాలి గానీ గోడ మీద ఫోటోల్ని కాదు. పైగా ఆ పిల్ల కష్టపడింది కదా!”

“కష్టపడిందండీ. కానీ వెనక వచ్చిన ప్రియకి నిజంగానే పదమూడు.”

“ఆ సంగతి ఎవరడుగుతారు?”

“ఎవరూ అడగరు,” అంది పద్మకుమారి. “కానీ ఈ వయసు నిజమని ఫారం మీద పెట్టవలసిన సంతకం నాది. నేను పెట్టలేను.”

భీమశంకర్ కళ్ళజోడు తీసి తుడుచుకుని, బాధ్యతంతా ఆమెదేనని చెప్పి పంపేశాడు.

ఆ సాయంత్రం మైదానానికి సూర్యం కూతురితో పాటు వచ్చాడు. కబురు అప్పటికే చేరింది. ముఖం మాడ్చుకుని ఉన్నాడు.

“మేడమ్, పిల్ల బతుకు బాగుపడేకాడ అడ్డం పడతన్నారేటి? నానేటి తప్పు సేసినాను? రెండేళ్ళు తగ్గిత్తే ఎవుల కొంప ములిగిపోద్ది?”

పద్మకుమారి అతన్ని సిమెంటు మెట్ల మీద కూర్చోబెట్టింది. ఉజ్వల కూడా వింటుండగానే చెప్పింది. “నందితని ఒక అమ్మాయి ఉండేది. రైల్వే కాలనీ పిల్ల. నేను మొదట వచ్చిన పందెంలో రెండోది తను. ఆ ఏడు హాస్టల్ సీటు ఒక్కటే. నాకొచ్చింది. దానివల్లే నాకీ ఉద్యోగం. నందిత ఎనిమిదితో బడి మానేసింది. ఆ తర్వాత ఆమె పరుగెత్తగా నేను చూడలేదు. ఆ రోజు నా వయసు వాళ్ళతో నేను పరుగెత్తి ఉంటే నాకు పతకం వచ్చేదో రాదో తెలీదు. నందితకు మాత్రం వచ్చేది. మా నాన్న కూడా నీలాగే ఎవరి కొంపా ముంచలేదనుకున్నాడు సూర్యం.”

సూర్యం తల వంచుకుని చెప్పు అంచుతో మట్టి గీకుతున్నాడు.

“ముఝే పతా థా, మేడమ్,” అంది ఉజ్వల. తెలుగులో ఏం అడిగినా ఆ పిల్ల హిందీలోనే జవాబిస్తుంది. తనకు ముందే తెలుసట. ప్రియ ఎంత చిన్నదో స్టార్టింగ్ లైను దగ్గర నిలబడినప్పుడల్లా చూసేదట. “మై బడీ లడ్కియోఁ కే సాథ్ దౌడూంగీ.”

“పెద్దపిల్లలతో పరిగెడితే సీటు రాదే!” అన్నాడు సూర్యం.

“పతా హై, పాపా,” అంది కూతురు. కళ్ళనిండా నీళ్ళున్నాయి గానీ మాట మార్చుకోలేదు.

తక్కువ వయసు కాగితం ఉన్నవాళ్ళు పై విభాగంలో పాల్గొనడానికి అభ్యంతరం ఉండదు. ఉజ్వల పేరు పదిహేడేళ్ళ లోపు విభాగంలోనూ, ప్రియ పేరు పద్నాలుగేళ్ళ లోపు విభాగంలోనూ వెళ్ళాయి. రాంచీలో ఉజ్వల ఆరో స్థానంలో వచ్చింది. ఆమె కన్నా ముందు వచ్చినవాళ్ళలో ఇద్దరు ముప్పై ఏళ్ళవాళ్ళలా ఉన్నారని సూర్యం తర్వాత చాలా రోజులు అన్నాడు. అది నిజం కాదు. ప్రియ మూడో స్థానంలో వచ్చింది.

పిల్లలు తిరిగొచ్చిన రోజు సూర్యం టాటానగర్ స్టేషనుకు వెళ్ళాడు. రైలు దిగిన ప్రియ ఎదురుగా కనబడ్డవాళ్ళందరికీ పతకం చూపిస్తోంది. అతని దగ్గరికీ వచ్చి, “అంకుల్, దేఖియే!” అంటూ చేతిలో పెట్టింది. అది కంచు పతకం, అరచేయంత కూడా లేదు. సూర్యం దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ పిల్ల తలెత్తి, అతను ఏమంటాడో అని చూస్తోంది. అతను పతకం ఆమె మెడలోనే వేసి, తన కూతురి సంచీ అందుకున్నాడు. ఉజ్వల ఇంటికి వెళ్ళాక కడుపునిండా అన్నం తిని పడుకుంది.

హాస్టల్ నుంచి పిలుపు ప్రియకు వచ్చింది. ఉజ్వలకు ఏమీ రాలేదు. మంచిపని చేసినవాళ్ళకు వెంటనే మేలు జరుగుతుందని చెప్పడం ఈ కథకుడికి చేతకాదు. ఆ పిల్ల రోజూ మైదానానికి వస్తోంది, వైరింగు క్లాసులో కూడా చేరింది.

ఏప్రిల్‌లో సూర్యం తన రెండో కూతురు శ్రీదేవిని ఒకటో తరగతిలో చేర్చడానికి పాత బడికి వచ్చాడు. ఆసుపత్రి కాగితం ఎక్కడో పోయిందన్నాడు. గుమాస్తా అశోక్ పెన్ను మూత తీసి, కొత్తగా వచ్చినవాళ్ళందరినీ అడిగినట్టే అడిగాడు.

“ఎంత రాయమంటావ్ సూర్యం? పిల్ల బక్కగానే ఉంది, రెండేళ్ళు తగ్గించినా ఎవరూ పట్టించుకోరు.”

సూర్యం కూతుర్ని దగ్గరికి లాక్కున్నాడు.

“ఆరేళ్ళు నిండినాయి బాబూ, ఆరే రాయండి. మనం కొట్టీసిన రెండేళ్ళూ రేపు ఎవుల పిల్ల సీటు కొట్టీస్తాయో మనకి తెలీదు.”