వేడినీటి బావికి పట్టిన గార

ఊరికి వేడినిచ్చే బావి చల్లబడుతోందన్న మాట పొద్దున్నే పాకిపోయింది. ఆ బావి దగ్గరి పవర్ స్టేషన్‌కు ఇన్‌చార్జి ఆ ఊరి కోడలే. భూమి లోతుల్లోంచి సలసల కాగే నీరు పైకి వస్తుంది. దాని ఆవిరి టర్బైన్‌ను తిప్పితే కరెంటు పుడుతుంది. మిగిలిన నీటి వేడి గొట్టాల ద్వారా ఇళ్లకు చేరుతుంది. చల్లారిన నీటిని ఇంకో బావిలోంచి మళ్లీ భూమిలోకే పంపుతారు. ఈ సంగతంతా ఇంటింటికీ తిరిగి, కాళ్లరిగేలా చెప్పి, బొగ్గు పొయ్యిలు తీయించింది కూడా ఆమే. ఇప్పుడేమో బయట మంచు కురుస్తోంది, బావిలో పీడనం పడిపోతోంది.

అత్తగారు ఫోన్ చేసింది.

“ఏమ్మా, ఇల్లంతా మంచుగడ్డలా ఉంది. పక్కింటావిడ వచ్చి, మీ కోడలు మా పొయ్యి పీకించిందని నా మీద పడింది.”

“మీరేమన్నారు అత్తయ్యా?”

“నా దుప్పటి ఇచ్చి పంపాను. దెబ్బకి నోరు మూతపడింది. ఇప్పుడు వణకడం నా వంతు. త్వరగా కానియ్యి తల్లీ.”

ఆమెకు నవ్వొచ్చింది కానీ భయం పోలేదు. అడుగున నీరే తగ్గిపోయి ఉంటే తను చేయగలిగేదేమీ లేదు.

డ్రిల్లింగ్ పని చూసే మరిది, తీగకు కట్టిన ఇనప గుండును బావిలోకి దించాడు. కొంత దూరం వెళ్లి అది ఆగిపోయింది.

“ఇరుక్కుంది వదినా!” అని సంతోషంగా అరిచాడు.

“ఇరుక్కుంటే సంబరమా? నీకేమైనా పిచ్చా?”

“పైకి లాగాక చూడు.”

గుండు అంచులకు తెల్లటి పెచ్చులు అంటుకుని వచ్చాయి. కెటిల్ అడుగున పట్టే గార లాంటిదే. నీటిలోని సున్నం గొట్టం లోపల పేరుకుని దారి మూసేసింది. అంటే అడుగున నీరు క్షేమంగానే ఉంది. ఆమె గుండెల మీంచి బండ దించినట్టయింది.

ఆ వెంటనే డ్రిల్లు దించి గార గీకడం మొదలుపెట్టారు. సాయంత్రానికి బావి ఒక్కసారిగా గర్జించింది. తెల్లటి ఆవిరి ఆకాశానికి ఎగసింది. పీడనం చూపే ముల్లు మెల్లగా పైకి జరిగింది. అది పాత చోటికి చేరగానే మరిది ఆమెను భుజాలు పట్టుకుని కుదిపేశాడు.

“ఇక గార కట్టకుండా బావిలోకి మందు పంపే గొట్టం వేయిద్దాం. రేపే మొదలుపెట్టాలి,” అందామె.

“రేపటి సంగతి రేపు. నీకు ఆకలి వెయ్యట్లేదా?”

అప్పుడు తెలిసింది, పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదని. అతని క్యారియర్ లాక్కుని, మెట్ల మీదే కూర్చుని మూత తీసింది.

“వదినా, నాకూ కాస్త...”

“చూద్దాంలే,” అంది నోటినిండా పెట్టుకుని.