తొమ్మిది భోజనాలు

"సోమవారం సాయంత్రం ఆరూ పన్నెండు," అన్నాడు స్ట్రౌడ్, తెర మీద వేలు ఆనించి. "ఇదిగో. కోరా వించెల్, రాత్రి భోజనం. అంటే నిన్న చీకటి పడేదాకా పిల్ల ఇక్కడే ఉంది. నువ్వే కదా కార్డు గీకింది, వెర్నా?"

"నేనే," అంది వెర్నా.

అది అబద్ధం కాదు. కార్డు గీకింది తనే. ఆ కార్డు పట్టుకొచ్చింది మాత్రం కోరా కాదు.

మంగళవారం ఉదయం ఏడూ నలభై. కాలేజీ భోజనశాల గుమ్మం ముందు మంచు బూట్లు తడితడిగా వరస కట్టాయి. స్ట్రౌడ్ కాలేజీ భద్రతాధికారి, బడిలో వెర్నా వెనక బెంచీలోనే కూర్చున్నవాడు. ఆరింటికి కోరా తల్లి అతనికి ఫోన్ చేసిందట. కూతురి నుంచి మెసేజ్ వచ్చింది: 'క్షమించమ్మా. ఇందులో నీ తప్పేం లేదు.' గది తీసి చూస్తే పక్క సర్ది ఉంది. ఫోను దిండు కింద దొరికింది. ఆ మెసేజ్ ఎప్పుడో రాసి, ఈ ఉదయం దానంతటదే వెళ్ళేట్టు పెట్టి ఉంచింది. పిల్ల ఎప్పుడు వెళ్ళిందో చెప్పగలిగేది ఇక భోజనం కార్డొక్కటే.

"ఏడింటికి గ్రీన్‌బే బస్సుంది," అన్నాడు స్ట్రౌడ్. "తిని, అదెక్కి ఉంటుంది. పోలీసుల్ని దక్షిణం వైపు వెతకమంటాను." అతను కోటు బొత్తాలు పెట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

వరసలో ముందున్న పొడుగు కుర్రాడు కార్డు చాపాడు. "వెర్నమ్మా, ఇవాళైనా గుడ్లు నిజమైనవేనా, పొడి కలిపినవా?"

"కోడినడుగు, నాన్నా." ఇరవయ్యారేళ్ళ అలవాటు. నోరు దానంతటదే పలికింది. చేయి మాత్రం కార్డును రెండుసార్లు తప్పుగా గీకింది.

వెర్నా కంగాస్‌కి అరవై ఒకటి. పొట్టి మనిషి. మణికట్లు మగవాళ్ళవిలా వెడల్పు. కీళ్ళు వాచిన వేళ్ళు చలికాలమంతా ఎర్రగా ఉంటాయి. కళ్ళజోడు గొలుసుకి వేలాడుతూ ఉంటుంది గాని కళ్ళ మీదికి రావడం తక్కువ, ఎందుకంటే ఆమె తెర చూడదు. తొమ్మిది వందల మంది పిల్లల పేర్లు ఆమెకు నోటికొచ్చు. ఎవరికి వేరుశనగ పడదో, ఎవరు ఎవరితో విడిపోయి బల్ల మార్చారో తెలుసు. కూర్చునేది ఇనుప స్టూలు. దాని మీద వాళ్ళమ్మ చింకి గుడ్డలతో నేసిన దిండు. తండ్రి గనిలోకి తొడుక్కెళ్ళిన నీలం చొక్కాల పీలికలవి. ఆ దిండు మీద పొద్దున ఆరున్నరకి కూర్చుంటే మధ్యాహ్నం రెండింటికి లేవడం. మళ్ళీ సాయంత్రం రెండు గంటలు. భర్త పోయాక ఆమెకు ఇల్లంటే పడుకునే చోటు. తక్కిన బతుకంతా ఈ గుమ్మమే.

ఈ గుమ్మానికి కిందటేడు కొత్త పనొకటి వచ్చింది. తెచ్చినవాడు మార్కస్ ట్రెంబ్లే, కాలేజీ మానసిక వైద్యుడు, నలభై దాటని మనిషి. అతను రాకముందు దిగులు పట్టిన పిల్లలు డాక్టరును చూడాలంటే మూడు వారాలు ఆగాలి. ఇప్పుడు ఏ రోజుకారోజు తలుపు తోసుకుని వెళ్ళొచ్చు. రాత్రిళ్ళు ఫోన్ తీసేవాళ్ళున్నారు. అన్నిటికన్నా అతను నమ్ముకున్నది భోజనం కార్డుని. ఒప్పుకొని సంతకం పెట్టిన పిల్లలు వరసగా రెండు రోజులు కార్డు గీకకపోతే చాలు, అతని గదిలో గంట మోగుతుంది. పోలీసులు వెళ్ళరు. అతనో, అతని మనిషో రెండు కప్పుల వేడి కోకో పట్టుకుని వెళ్ళి తలుపు తడతారు, అంతే. ఈ ఏడు అలా ఐదు తలుపులు తట్టారు. ఐదుగురూ బతికే ఉన్నారు. అందులో ఇద్దరు ఇప్పుడు రోజూ వెర్నా ముందు నుంచే పళ్ళేలు పట్టుకుని వెళ్తారు.

వంటవాళ్ళనీ ఊడ్చేవాళ్ళనీ కూడా కూర్చోబెట్టి మార్కస్ పాఠం చెప్పాడు. డొంకతిరుగుడు వద్దు, సూటిగా అడగండి అన్నాడు. 'చచ్చిపోవాలనిపిస్తోందా?' అన్న ప్రశ్న అందరిచేతా పైకి అనిపించాడు. వెర్నాకి మూడోసారికి గాని గొంతు పెగల్లేదు.

కోరా కూడా ఆ సంతకం పెట్టిన పిల్లే. కార్డు గీకకపోతే ఆదివారం మధ్యాహ్నానికల్లా మార్కస్ గదిలో గంట మోగి ఉండేది. మోగలేదు. శుక్రవారం మధ్యాహ్నం నుంచి నిన్న రాత్రి దాకా కోరా పేరు మీద తొమ్మిది భోజనాలు ఎక్కాయి. తొమ్మిదీ వెర్నా చేతి మీదుగానే.

తిన్నది టెస్, కోరా స్నేహితురాలు. ఆ పిల్ల హాస్టల్లో ఉండదు. ఊళ్ళో ఎవరి నేలమాళిగలోనో ఉంటుంది. భోజనం కార్డు లేదు. "కోరాకి ల్యాబ్ ఉందట, నన్ను తినమంది," అని శుక్రవారం కార్డు చాపితే, వెర్నా మొహం పక్కకి తిప్పుకుని గీకేసింది. ఒకరి కార్డు మీద మరొకరు తినకూడదని వెర్నా తల వెనకే బోర్డుంది. ఆ తప్పుకి ఆమె ఫైల్లో ఇప్పటికే రెండు హెచ్చరికలున్నాయి. మూడోది వస్తే ఇంటికే.

అయినా ఆమె ఎవర్నీ ఆపదు. గనిలో సమ్మె జరిగిన ఏడు వెర్నాకి పద్నాలుగేళ్ళు. నాలుగు నెలలు ఇంట్లో బంగాళాదుంపల సూపే. బడిలో భోజనం చీట్లు చింపే లావుపాటి ఆవిడ, పేరైనా చెప్పని ఆవిడ, వెర్నా రెండోసారి వరసలో నిలబడితే పైకప్పు చూస్తూ చీటీ లేకుండానే పంపేసేది. ఆ చూపు వెర్నా నేర్చుకుంది. ఆకలితో ఉన్న పిల్లను ఆరడుగుల దూరం నుంచి గుర్తుపడుతుంది. ఆకలే చచ్చిపోయిన పిల్లను గుర్తుపట్టడం ఆమెకు ఎవరూ నేర్పలేదు.

ఇప్పుడు నోరు విప్పితే స్టూలు పోతుంది. విప్పకపోతే?

యాభై నిమిషాలు ఆమె విప్పలేదు. రెండు వందల పది కార్డులు గీకింది. ప్రతి కార్డుకీ యంత్రం కీచుమంది.

ఎనిమిదిన్నరకి వరస పలచబడ్డాక టెస్ వచ్చింది. నీలం టోపీ, చెవుల మీదికి లాక్కున్న జుట్టు, మొహం మీద నిద్ర. కోరా కార్డు చాపింది. ఈ పిల్లకి ఇంకా ఏమీ తెలియదు.

వెర్నా కార్డు తీసుకుంది. గీకలేదు.

"టెస్, తల్లీ. కోరాని కళ్ళతో చూసింది ఎప్పుడు?"

"శుక్రవారం పొద్దున. ఏం?"

"ఈ కార్డిస్తూ ఏమంది? ఉన్నదున్నట్టు చెప్పు."

"ల్యాబ్ మాట నేనే అల్లాను. ఉంచుకో, నాకింక అక్కర్లేదు అంది." తన నోటి మాట తన చెవినే పడ్డాక టెస్ మొహంలో రంగు మారింది. "వెర్నమ్మా, నేను... మెనూ నచ్చక అందేమో అనుకున్నాను."

"ఇంకేమైనా అడిగిందా?"

"మా తాతయ్య చెక్క ఇల్లు లేదూ, అడవిలో, ఉత్తరాన సరస్సు ఒడ్డున. తాళంచెవి ఇంకా కట్టెలు కొట్టే మొద్దు కిందే ఉందా అని. వేసవిలో వెళ్దామనుకుంటోందేమో అని చెప్పాను."

గ్రీన్‌బే దక్షిణం. టెస్ తాత లాఫ్రెనియర్ చెక్క ఇల్లు ఉత్తరం, నలభై మైళ్ళు. పోలీసులు యాభై నిమిషాలుగా తప్పు దిక్కున పోతున్నారు.

ఇరవయ్యారేళ్ళలో మొదటిసారి, భోజనం వేళ వెర్నా స్టూలు దిగింది. టెస్ చేయి పట్టుకుని మంచులోంచి, కోటు కూడా వేసుకోకుండా, మార్కస్ గదికి నడిపించుకెళ్ళింది. "ఈ పిల్ల చెప్పేది విను బాబూ, ఇప్పుడే," అని లోపలికి తోసి తను స్ట్రౌడ్ దగ్గరికి పరిగెత్తింది.

"బస్సు కాదు. ఉత్తరం. సరస్సు ఒడ్డున లాఫ్రెనియర్ ముసలాయన చెక్క ఇల్లు."

"నీకెవరు చెప్పారు?"

"నేను చెప్తున్నాను. బడిలో నా లెక్కలు చూసి రాసి పాసయ్యావు, ఇప్పుడూ నా మాట విను. కదులు."

స్ట్రౌడ్ ఒక్క క్షణం ఆమె తడి బూట్ల వంక చూశాడు. తర్వాత వైర్‌లెస్ అందుకున్నాడు.

వెర్నా తిరిగొచ్చి స్టూలెక్కింది. మధ్యాహ్నం వరస మొదలైంది. ఎవరో జోకేస్తే నవ్వింది కూడా. పదకొండూ యాభైకి స్ట్రౌడ్ గుమ్మంలో నిలబడి ఒక్కసారి తల ఊపాడు. బతికే ఉంది.

తర్వాత వివరాలు తెలిశాయి. శుక్రవారం మంచు మీద నడిచే బళ్ళవాళ్ళెవరో అటు వెళ్తూ కోరాని దింపారట. వెంట తెచ్చుకున్న మాత్రల సీసా బల్ల మీద మూత తీసి ఉంది. మాత్రలు మాత్రం లెక్కకి లెక్క ఉన్నాయి. చావడానికి వెళ్ళిన పిల్ల నాలుగు రాత్రులూ పొయ్యి ఆరనివ్వలేదు. కట్టెలైపోయాక కుర్చీలు విరగ్గొట్టి వేసింది. నిన్న రాత్రికి అవీ అయిపోయాయి. ఇంకొక్క పూట ఆలస్యమైతే చలే ఆ పని చేసేదన్నాడు ఆస్పత్రి డాక్టరు. రెండు కాలివేళ్ళు దక్కకపోవచ్చు. స్పృహ వచ్చాక ఆమె అడిగిన మొదటి మాట మార్కస్ ద్వారా వెర్నా చెవిన పడింది: 'ఆదివారం ఎవరైనా వస్తారనుకున్నాను. ఎందుకు రాలేదు?'

మధ్యాహ్నం రెండున్నరకి డీన్ గదిలో సమావేశం. డీన్ హాల్వర్సన్ మేడమ్, స్ట్రౌడ్, మార్కస్, చివరి కుర్చీలో వెర్నా. బల్ల మీద తొమ్మిది వరసల కాగితం.

"నలభై మైళ్ళ దూరంలో ఉన్న పిల్ల ఇక్కడ తొమ్మిదిసార్లు భోంచేసిందంటోంది యంత్రం," అంది డీన్. "డాక్టర్ ట్రెంబ్లే, మీరు నమ్ముకున్నది దీన్నే. పిల్లల ప్రాణాలు ఇలాంటి పెట్టె మీద వదలలేను. ఈ తలుపు తట్టే పద్ధతి ఇవాళ్టి నుంచి ఆపేస్తున్నాం."

మార్కస్‌కి తెలుసు, టెస్ పొద్దున అంతా చెప్పింది. కాని తన గదిలో విన్నది గడప దాటించకూడదన్నది అతను వృత్తిలో చేరినప్పుడు పెట్టుకున్న ఒట్టు. ఐదుగురు పిల్లలు బతికిన పద్ధతి కళ్ళముందే పోతుంటే చేతులు కట్టుకు కూర్చున్నాడు. వెర్నా వైపు ఒక్కసారైనా చూడలేదు. ఆ చూడకపోవడమే ఆమెకు ఎక్కువ బరువనిపించింది.

"వెర్నా గారూ," డీన్ ఆమె వైపు తిరిగింది. గొంతు మెత్తగానే ఉంది. "మిమ్మల్ని ఇబ్బంది పెట్టను. ఒక్క మాట చాలు. ఈ మధ్య ఆ యంత్రం సతాయిస్తోందా?"

ఒక్క మాట. అవును అంటే చాలు. మే నెలలో రిటైరయ్యే రోజు మర్యాదగా పూలగుత్తి ఇచ్చి, కేకు కోసి సాగనంపుతారు. ఆ కేకు మీద ఏం రాయించాలో వంటవాళ్ళు అప్పుడే వాదులాడుకుంటున్నారు.

స్ట్రౌడ్ కాగితం కేసి చూస్తున్నాడు. ఇరవయ్యారేళ్ళుగా ఆ యంత్రం ఒక్క పేరు తప్పు చెప్పలేదని అతనికీ తెలుసు.

వెర్నా కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. మార్కస్ పాఠం గుర్తొచ్చింది. డొంకతిరుగుడు వద్దు. సూటిగా.

"యంత్రం బాగానే ఉందమ్మా. అది చూసిందే చెప్పింది."

"మరి?"

"కార్డు వేరేవాళ్ళు తెచ్చారు. ఎవరని అడక్కండి, చెప్పను. ఆకలేసి వచ్చారు, అంతే. తొమ్మిదిసార్లు తెచ్చారు, తొమ్మిదిసార్లూ మనిషెవరో చూసే గీకాను. చూసి, చూడనట్టు పోనిచ్చాను. ఆదివారం ఆ పిల్ల తలుపు ఎవరూ తట్టకపోవడానికి కారణం యంత్రం కాదు, ఈ డాక్టరు బాబు కాదు." బల్ల మీది కాగితం డీన్ వైపు జరిపింది. "పొద్దున స్ట్రౌడ్ అడిగినప్పుడు కూడా యాభై నిమిషాలు దాచుకున్నాను, ఉద్యోగం కోసం. ఆ పద్ధతి ఆపకండి. నన్నాపండి."

డీన్ కాగితం మీది తొమ్మిది వరసల్నీ మళ్ళీ ఒకసారి చదివింది.

"తెలియక చేశారు," అంది డీన్ చివరికి, సగం ప్రశ్నలా.

"తెలియకే. అయినా చేసింది నేనే. అలాగే రాసుకోండి. వెర్నా కంగాస్ అని, పేరు పెట్టి."

కిటికీ అవతల మంచు తీసే బండి వెళ్ళింది. డీన్ కలం తీసింది. మార్కస్ అప్పుడు చూశాడామె వైపు.

సాయంత్రం నాలుగున్నరకి గుమ్మం దగ్గరికి వంటింట్లోంచి వేరే అమ్మాయి వచ్చింది. వచ్చిన ప్రతివాళ్ళ మొహం వంకా, కార్డు మీది ఫొటో వంకా మార్చి మార్చి చూస్తూ నిలబడే కార్డులు గీకింది. వెనక ఇనుప స్టూలు మీద, నీలం పీలికల దిండు నడిమి గుంట అలాగే ఉండిపోయింది.