చన్నీళ్లు వద్దు

హోటలు దుప్పట్లు ఇంకా నలభై మిగిలాయి. అయిదింటికి బండి వస్తుంది. లాండ్రీ మూలన మూటల మీద కూర్చుని చదువుకుంటున్న తొమ్మిదేళ్ల కూతురు గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

"అమ్మా, పిచ్చుక లేచింది."

ఉన్నట్టుండి గుండె లెక్కకందకుండా కొట్టుకోవడానికి వాళ్లింట్లో పేరు అది. తల్లి ఇస్త్రీపెట్టె నిలబెట్టి పిల్ల మెడ మీద వేళ్లు ఆనించింది. బట్టలు ఉతుకుతున్న అత్తగారు అప్పటికే బకెట్టుతో ఐసునీళ్లు తెచ్చేసింది. మొహం ముంచితే పిచ్చుక ఠక్కున వాలుతుంది. మూడేళ్లుగా ఆవిడ వైద్యం అదే. చిక్కూ అదే. ఆసుపత్రికి చేరేసరికి ఈసీజీ గీతలు బుద్ధిగా ఉంటాయి. "బడి ఎగ్గొట్టే వేషాలు" అని ఒక డాక్టరు తేల్చేశాడు కూడా.

కిందటి నెల కొత్త డాక్టరమ్మ మాత్రం కూర్చోబెట్టి చెప్పింది. "గుండెలో కరెంటుకి దొంగదారి ఉన్నట్టుంది. తొడ దగ్గర నరంలోంచి సన్నటి తీగ పంపి ఆ దారి కాల్చేస్తే చాలామంది పిల్లలకి మళ్లీ రాదు. ముందు అది కొట్టుకుంటుండగా నాకు కాగితం మీద దొరకాలి. పిల్ల తెలివిలో ఉంటే దాన్ని ఆపకుండా తీసుకురండి. కళ్లు తిరిగితే అంబులెన్సు పిలవండి."

"పిల్ల తల పట్టుకోవే!" అంది అత్తగారు, బకెట్టు ముందుకి జరిపి.

"వద్దత్తయ్యా."

"మతి పోయిందా? ఆడపిల్ల గుండెకి వాత పెట్టిస్తావా? నలుగురికీ తెలిస్తే?"

"తెలియనివ్వండి. మూడేళ్లు దాచి ఏం బాగుపడ్డాం?"

గల్లాపెట్టె దగ్గర్నుంచి యజమాని కేకేశాడు. "ఆ నీళ్లేవో కొట్టి పని కానివ్వమ్మా! ఇప్పుడు గడప దాటితే రేపు రానక్కర్లేదు."

ఆమె ప్లగ్గు పీకేసి పిల్లని ఎత్తుకుంది. ఆసుపత్రి రెండు వీధుల అవతలే.

"కళ్లు తిరుగుతున్నాయా?"

"లేదు. ఊపిరి బిగబట్టనా అమ్మా? ఆగిపోతుంది."

"వద్దు తల్లీ. ఎగరనీ."

పది అడుగులకోసారి తల్లి "ఇంకా ఉందా?" అని అడుగుతోంది. ఉందన్నప్పుడల్లా ప్రాణం కుదుటపడుతోంది. కన్నతల్లి కోరుకోవాల్సిన కోరికేనా ఇది అని సిగ్గూ వేస్తోంది.

వెనక చెప్పుల చప్పుడు. అత్తగారు. ఒక చేతిలో పిల్ల చెప్పులు, రెండో చేతిలో ఇంకా ఆ బకెట్టు. నీళ్లు దారి పొడుగునా ఒలుకుతున్నాయి.

ఆసుపత్రి మెట్ల దగ్గర పిల్ల తల్లి ఎదకి చెవి ఆనించింది.

"అమ్మా, నీదీ ఎగురుతోంది."

"నాది తర్వాత చూద్దాం. నీది ఉందా?"