పిల్లల తల్లి చెయ్యి

సింహాచలమ్మకు పిల్లలు లేరు. అందుకని చెరువులో చేపలు గుడ్లు పెట్టడం లేదట. ఇది మా చేపల సొసైటీ ప్రెసిడెంటు అమర్‌నాథ్ కనిపెట్టిన శాస్త్రం. బస్తీలో సగం మంది తలలూపారు. మిగతా సగం ఊపడానికి బద్ధకించారు.

తొలి వానలకు రుయి, అంటే రోహు చేపల చేత గుడ్లు పెట్టించి పిల్లల్ని అమ్మడం సొసైటీ పని. సాయంత్రం తల్లిచేపకు హార్మోన్ సూది వేసి, మగచేపలతో కలిపి హాపాలో, అంటే నీళ్ళలో కట్టిన గుడ్డ పంజరంలో వదులుతాం. తెల్లారేసరికి అడుగంతా గుడ్లు పరుచుకోవాలి. వల లాగేది నేను, సూది వేసేది సింహాచలమ్మ. రైల్వే వర్క్‌షాపులో పనిచేసే మొగుడు పోయాక ఆమెకు కూడు పెట్టేది ఆ సూదే.

ఈమధ్య హాపా ఖాళీగానే లేస్తోంది. చెరువుకు ఎగువన అమర్‌నాథ్ షెడ్డు ఉంది. అందులో పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగిస్తారు. కడిగిన నీళ్ళు కాలువ కట్టి చెరువులోకే వస్తాయి. ఆ కాలువ గట్టున గడ్డి కూడా మొలవదు. ఆ గడ్డిని ఏ గొడ్రాలు ముట్టుకుందో ప్రెసిడెంటుగారు చెప్పలేదు.

పక్క పేట సుభాష్‌పల్లి అమ్మాయి శ్రావణి హిజ్లీ కాలేజీ కేంపస్‌లో చేపల మీద పరిశోధన చేస్తోంది. చెరువు నీళ్ళూ, ఒక తల్లిచేపనూ పట్టుకెళ్ళి పరీక్షించి, సొసైటీ మీటింగుకు వచ్చింది.

"నీళ్ళల్లో సీసం, కాడ్మియం ఉన్నాయి మావయ్యా. సేప తలకాయలో సిన్న గ్రంథి ఉంటాది. గుడ్లు పండించమని హార్మోన్ పంపేది అదే. ఈ లోహాలు దాని పని సెడగొడతాయి. గుడ్లు పండక కడుపులోనే కరిగిపోతన్నాయి. మగసేపల్లో కూడా పస లేదు. పండిన గుడ్డుంటేనే కదా సూది పనిచేసేది?"

అమర్‌నాథ్ గడ్డం గోక్కున్నాడు. "నీకు పెళ్ళయిందేటమ్మా?"

"లేదు."

"మరి గుడ్ల సంగతి, పిల్లల సంగతి నీకెందుకు?"

అందరూ నవ్వారు. షెడ్డులో కూలికి పోయేవాళ్ళు మరీ గట్టిగా నవ్వారు.

తీర్మానం జరిగిపోయింది. ఈసారి తల్లిచేపను అమర్‌నాథ్ పెళ్ళాం పడుతుంది, సూది నేను వేస్తాను. ఆమె ఐదుగురు పిల్లల తల్లి. గుడ్లు పడితే సింహాచలమ్మ పని మానుకోవాలి.

"అలాగే బావూ," అంది సింహాచలమ్మ. "అయితే అదే పొద్దు నానూ ఓ జతకి సూది ఏస్తాను. మీ సెరువు సేపలు కావు, మీ నీళ్ళూ కావు."

"ఏసుకో. ఎవలొద్దన్నారు?"

రైలు పట్టాల అవతల మా నేస్తం ఎబినేజరు సొంత చెరువు ఉంది. వాన నీళ్ళు తప్ప మరే నీరూ అందులోకి రాదు. అక్కడ నేనే వల లాగి రెండు చేపలు పట్టాను. అతని పెరట్లో సిమెంటు తొట్టి వాన నీళ్ళతో నింపాము.

సాయంత్రం ప్రెసిడెంటు పెళ్ళాం పట్టుచీర కట్టుకొచ్చి, సూదుల డబ్బా నాకందించి, ముక్కు మూసుకుని, ఒంటి చేత్తో చేపను పట్టుకుంది. అది తోకతో చెంప మీద ఒక్కటిచ్చింది. ఆ చెరువులో ఇంకా బుద్ధున్నది అదొక్కటే అనుకున్నాను.

తరవాత అదే డబ్బా పట్టుకెళ్ళి సింహాచలమ్మ తొట్టిలోని జతకు సూది వేసింది. తెల్లారింది. నేను హాపా ఎత్తాను. నాచు తప్ప ఏమీ లేదు. ఎబినేజరు తొట్టిలో మాత్రం అడుగు కనిపించకుండా సగ్గుబియ్యం పోసినట్టు గుడ్లు. బస్తీ అంతా వచ్చి చూసింది. అమర్‌నాథ్ కూడా తొట్టిలోకి వంగి చూసి తలెత్తాడు.

"మా ఇంటిది నిన్న సూదుల డబ్బా ముట్టుకుంది కదా! ఆ సేతి సలవ ఇక్కడ తేలింది."

తలలు మళ్ళీ ఊగాయి. నేను ఆ తలల్ని లెక్కపెట్టబోయి మానేశాను.

"ఠీక్ హై," అన్నాడతను దయతలిచినట్టు. "పనిలో ఉండవే సింహాచలం. పిల్లలు బయటకు రాగానే మన సెరువులో ఒదిలెయ్యి."

సింహాచలమ్మ తొట్టి మీద తడిగుడ్డ కప్పింది.

"ఐదుగుర్ని కన్న ఇల్లు కదా బావూ నీది. ముందు మీ మనవల్ని దింపి తానం సేయించు ఆ నీళ్ళల్లో. తరవాత నాను ఒదుల్తాను."

అమర్‌నాథ్ పెళ్ళాం మనవణ్ణి గబుక్కున చంకనెత్తుకుంది. ఆ సమాధానం అందరికీ అర్థమైంది, ఆయనకు తప్ప.

"నానిక ఎబినేజరు సెరువులోనే సేస్తాను," అంది సింహాచలమ్మ. "అప్పలకొండన్నా, నువ్వో?"

నేను వల భుజాన వేసుకున్నాను. మా వెనక మీటింగు మళ్ళీ మొదలైంది. ఈసారి తప్పు చెరువు వాస్తుదట.