నకలులో ఇంకో గొంతు

కంప్యూటర్ ఆన్ చేసినప్పుడల్లా లోపల ఏదో గీరుతున్నట్టు చప్పుడు రావడం మొదలైంది. ఆ కంప్యూటర్ ప్రభుదాస్ భార్య శ్రావణిది. కోరుట్లలో పెళ్లి పత్రికలు, చర్చి పాటలు దాని మీదే టైపు చేసేది. ఆ పని తగ్గిపోయాక కువైట్‌లో ఒక ఇంట్లో పనికి వెళ్లింది. అక్కడ ఫోన్‌లో మాట్లాడనివ్వరు. అందుకని తన గదిలో కూర్చుని, మెల్లగా మాటలు రికార్డు చేసి పంపేది. రంగులేసే పని నుంచి వచ్చాక ప్రభుదాస్ అవి విని కంప్యూటర్‌లో దాచేవాడు.

రిపేరు షాపు మహేందర్ చప్పుడు విని తల ఊపాడు.

"డిస్కు ఖరాబైతుందన్నా. అండ్ల ఉన్నయి ఇంకో కాడ పెట్టుకో."

"ఏడ పెట్టాలె?"

"పెన్‌డ్రైవ్ అగ్గువ, గని ఏడనో పారేసుకుంటవ్. హార్డ్ డిస్కైతే ఇంట్ల పడుంటది. లేకుంటే నెట్ల పెట్టు. ఇల్లు కాలినా నీయి నీకుంటయి."

"నెట్ల పెడితే ఎవలన్న ఇంటరేమో?"

"పాస్‌వర్డ్ నీ దగ్గర్నే ఉంటది. ఇగ నీ ఇష్టం."

ప్రభుదాస్‌కు మనసొప్పలేదు. శ్రావణి ఏడ్చిన మాటలు కూడా వాటిలో ఉన్నాయి. హార్డ్ డిస్కే అడిగాడు.

"నకలు తీసినంక ఒక్కొక్కటి తెరిచి ఇను," అన్నాడు మహేందర్. "చానమంది ఇనరు. అవసరం పడ్డనాడు తెరిస్తే ఏముండది."

ఆదివారం ప్రార్థన నుంచి వచ్చి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని హార్డ్ డిస్కులోకి తీసిన నకళ్లు వినడం మొదలుపెట్టాడు. మొదటివన్నీ బాగానే ఉన్నాయి. తర్వాత ఒకదానిలో, శ్రావణి "తిన్నవా?" అని అడుగుతుంటే, ఆమె మాట కింద ఇంకో ఆడగొంతు వినిపించింది. గోడ అవతలి నుంచి పిలుస్తున్నట్టుంది. "దీపా... దీపా..."

నకలులో ఏదో కలిసిపోయిందనుకున్నాడు. కంప్యూటర్‌లో ఉన్న అసలుది తెరిచాడు. అందులోనూ ఉంది. ఫోన్ స్పీకర్లో ఇన్నాళ్లూ అది చెవిన పడలేదు. తర్వాతి రికార్డులు వింటూ పోయేకొద్దీ ఆ గొంతు దగ్గరవుతూ వచ్చింది. గోడ అవతల, తలుపు దగ్గర, గది మధ్యలో. చిట్టచివరి దానిలో శ్రావణి "నేను మంచిగనే ఉన్న" అంటుంటే, అదే ఫోన్‌కు నోరు ఆనించినంత దగ్గరగా ఎవరో అన్నారు: "తలుపు పెట్టనియ్యకు బిడ్డా."

పరుగున మహేందర్ ఇంటికి పోయి వినిపించాడు. మహేందర్ ఇయర్‌ఫోన్లు తీసేసి చేతులు రుద్దుకున్నాడు.

"పక్క సప్పుళ్లు తీసేసే సాఫ్ట్‌వేరుంటది. తీసెయ్యాల్నా?"

"వద్దు. అట్లనే ఉండనియ్యి."

నీ గదిలో ఎవరున్నారని శ్రావణికి మెసేజ్ పెట్టాడు. సాయంత్రానికి జవాబు వచ్చింది.

"ఎవ్వలు లేరు. గీ ఇంట్ల తెలుగు నాకొక్కదానికే అస్తది." కాసేపు ఆగి, గొంతు తగ్గించింది. "నీకెట్ల తెల్సింది? మంచం కాళ్లదిక్కు ఎవలో కూసున్నట్టు అనిపిస్తది. భయపడుతవని చెప్పలే."

ఆమె ఆగిన ఆ కాసేపట్లో, ఊపిరి పీలుస్తున్నది ఒక్కరు కాదు.

తను విన్నదంతా ప్రభుదాస్ చెప్పి పంపాడు. మర్నాడు ఆమె ఆ గది సంగతి పక్కింటి డ్రైవర్ను అడిగింది. ఆయనదీ తమవైపే, కొడిమ్యాల. ఆమెకంటే ముందు ఆ గదిలో మల్లాపూర్ దుర్గవ్వ ఉండేదని చెప్పాడు. ఎండాకాలంలో ఇంటివాళ్లు ఊరెళ్తూ, పారిపోతుందని బయట తాళం వేశారట. కరెంటు పోయి ఏసీ ఆగిపోయింది. వాళ్లు వచ్చి తలుపు తీసేసరికి ఆమెలో ప్రాణం లేదు. గుండె ఆగిందని ఊరికి కబురు పంపారు.

"వీళ్లు రేపు ఊరికి పోతున్నరు," అంది శ్రావణి, ఇదంతా చెప్పి పంపిన రికార్డు చివర.

ప్రభుదాస్ వెంటనే రికార్డు చేసి పంపాడు. "ఇప్పుడే బయటవడు. బట్టలు గిట్ల ఏం తీస్కోకు."

ఆమె చెత్త సంచి పడేయడానికన్నట్టు బయటికి వచ్చింది. డ్రైవర్ ఆమెను మన ఎంబసీ దగ్గర దింపాడు. అక్కడి షెల్టర్‌లో కొన్నాళ్లుండి ఇంటికి చేరింది.

ఇద్దరూ మల్లాపూర్ వెళ్లారు. దుర్గవ్వ కూతురు దీప వాకిట్లో బీడీలు చుడుతోంది. సంగతంతా చెప్పి ఇయర్‌ఫోన్లు ఇచ్చారు. ఆమె వింది. చేతిలోని తునికాకు నలిగిపోయింది.

"అమ్మనే," అంది.

పెన్‌డ్రైవ్‌లో వేసిస్తానన్నాడు ప్రభుదాస్.

"పోతే?" అంది దీప.

అతను శ్రావణి వైపు చూశాడు. "నెట్ల పెట్టు," అంది శ్రావణి. "నేను ఏడ్సినయి ఆమె ఇంటె ఇననియ్యి."

అన్నీ ఎక్కాక దీప తన ఫోన్లో వరుసగా వింది. షెల్టర్ నుంచి శ్రావణి పంపిన రికార్డులు కూడా విడిచిపెట్టలేదు. వాటిని రెండోసారి, మూడోసారి వెనక్కి తిప్పి వింది. శ్రావణి గొంతు తప్ప ఇంకేమీ లేదు.

"నువ్వు బయటికచ్చినవ్ గద," అంది మెల్లగా. "అమ్మ రాలే. గా గదిలనే ఉన్నదా ఇంక?"

ఫోన్ పక్కన పెట్టి శ్రావణి వైపు తిరిగింది.

"ఇప్పుడు గా గదిల ఎవలుంటున్నరక్కా?"

శ్రావణి ఫోన్ తీసి, కొడిమ్యాల డ్రైవర్ నంబర్ వెతికింది.