అమ్మ ఏడ్చిన పాట

మా అన్న హనుమేష్ పెద్ద రాక్ సింగర్. బెంగుళూరులో వాడి పోస్టర్లు గోడలకెక్కాయి, జుట్టు నడుముకు దిగింది. బేతంచెర్లలో నాపరాళ్లు మోసిన పిల్లోడు ఇంతవాడయ్యాడని ఊరంతా పొంగిపోయింది. నేనూ పొంగిపోయాను, అబద్ధమెందుకు.

2005లో వచ్చిన ఒక్క పాట వాణ్ని ఆకాశానికెత్తింది. “సద్దిమూట ఇప్పకనే పోతివా” అని గిటార్ల మధ్య అరుస్తాడు, కుర్రాళ్లు చొక్కాలు విప్పి ఎగురుతారు. ఆ పాట వాడు కట్టింది కాదు. గనిలో బండ మీదపడి మా నాయన చనిపోయిన రోజు, ఆయన తల ఒళ్లో పెట్టుకుని అమ్మ ఏడ్చిన ఏడుపది. మావైపు పోయినవాళ్ల మంచీ చెడూ రాగం తీసి చెప్పుకుని ఏడుస్తారు. ముందర శవం లేకుండా ఆ రాగం ఎత్తకూడదు. చిన్నప్పుడు నేనొకసారి గిన్నెలు తోముతూ కూనిరాగం తీస్తే అమ్మ చెంప పగలగొట్టింది.

అన్న కారులో ఇంటికొచ్చినప్పుడు అమ్మ అడిగేసింది.

“ఏమిరా, మీ నాయన ఏడుపు ఎత్తుకపోయి ఎగరనీకి పాడతాండావా?”

“కాదుమా, నీ బాధ లోకమంతా ఇంటాండాది.”

“ఇంటే ఏడ్సల్ల గదరా. ఒగరన్నా ఏడ్సినారా?”

వాడు నవ్వి ఫోనందుకున్నాడు. అమ్మ నావైపు తిరిగింది.

“శివకుమారీ, నేను పోయినబ్బుడు నువ్వన్నా సక్కగా ఏడువు. ఆ రాగంతోనే సాగనంపల్ల నన్ను.”

మూడేళ్లకు అమ్మ పోయింది. అన్న వస్తున్నాడని తెలిసి నంద్యాల నుంచి కూడా కుర్రాళ్లు బండ్లేసుకుని దిగారు. వాకిట్లో కాలు పెట్టే చోటు లేదు. పాడె ఎత్తే ముందు అమ్మ తల ఒళ్లో పెట్టుకుని నేను రాగం ఎత్తుకున్నాను. మొదటి మాటకే అవతల ఎవడో ఈల వేశాడు. రెండో మాటకు చప్పట్లు మొదలయ్యాయి. నాతో కలిసి ఏడవబోయిన ముసలమ్మలు నోళ్లు మూసుకుని అటు చూశారు.

“ఒన్స్ మోర్!” అని ఒకడు కేకేశాడు.

అన్న లేచి వాళ్లను తరుముతాడనుకున్నాను. ఈల వినపడిన దిక్కుకు వాడి చెయ్యి దానంతటదే లేచి ఊగింది. వెంటనే దించుకున్నాడు, నిజమే. కానీ నేను చూశాను.

రాగం అక్కడే ఆపేసి అమ్మ తల ఒళ్లోంచి దించాను. నలుగురూ పాడె భుజానికెత్తుకున్నారు. మా ఊళ్లో గొడ్డు చచ్చినా ఎవరో ఒకరు ఏడుస్తారు. మా అమ్మను ఏడుపు లేకుండా తీసుకుపోయారు.